బంకరులో దోమ: ఒక సేనాపతి పుస్తకాన్ని అండమాన్‌లో చదివితే

కందకాల యుద్ధం అనగానే మీకు ఏ దృశ్యం గుర్తుకొస్తుంది? 1914-18 నాటి ఫ్రాన్స్, బెల్జియం పొలాలు, మోకాలి లోతు బురద, అందులో సిపాయిలు. మన సైన్సు వ్యాసాలు దాదాపు అన్నీ అక్కడే మొదలవుతాయి. చన్నీటిలో రోజుల తరబడి నానిన పాదాలకు రక్తప్రసరణ తగ్గి వచ్చే 'ట్రెంచ్ ఫుట్' (నాట్లు వేసేవారి వేళ్ళ సందులు ఒరిసిపోవడం లాంటిదే అనుకోకండి, ఇది కాలు తీసేసే దాకా పోతుంది), పేల ద్వారా వ్యాపించే ట్రెంచ్ ఫీవర్, ఎరువు వేసిన నేలలోని బాక్టీరియా గాయంలో చేరితే వచ్చే గ్యాస్ గాంగ్రీన్. ఆ తర్వాత విజయాల వరుస: థామస్ స్ప్లింట్, ధనుర్వాతానికి యాంటీటాక్సిన్, నిల్వ చేసిన రక్తం. యుద్ధం చెడ్డదే గాని వైద్యాన్ని ముందుకు నడిపిందని చివర ఒక వాక్యం.

ఆ చివరి వాక్యం ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే మంచుకురిసే ఐరోపా దాకా పోనక్కరలేదు. బంగాళాఖాతం చాలు.

ఈ వాక్యాన్ని సమర్థించే వాటిలో బలమైన పుస్తకం బర్మాలో 14వ సైన్యాన్ని నడిపిన విలియం స్లిమ్ 1956లో ప్రచురించిన 'డిఫీట్ ఇన్‌టు విక్టరీ'. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్క సైనికుడికి 120 మంది రోగులు వెనక్కి వచ్చారని అందులో లెక్క చెబుతాడు. మలేరియా, విరేచనాలు, నల్లుల వంటి సూక్ష్మకీటకాలు తెచ్చే టైఫస్. స్లిమ్ చేసిన పనులు నాలుగు. కొత్త వైద్య పరిశోధనను వెంటనే వాడుకలో పెట్టడం, రోగిని భారతదేశానికి పంపకుండా యుద్ధరంగానికి కొద్ది మైళ్ళ దూరంలోనే చికిత్స చేయడం, తీవ్రంగా గాయపడ్డవారిని విమానంలో తరలించడం, సైనికుల మనోధైర్యం పెంచడం. రెండో దాని ఫలితం చూడండి: ఇంతకుముందు నెలల తరబడి దూరమయ్యే మలేరియా రోగి కొన్ని వారాల్లోనే తన దళానికి తిరిగి వచ్చేవాడు. ఇక మెపాక్రిన్ మాత్రలు. అవి ఒంటిని పసుపు పచ్చగా చేస్తాయి. మగతనం పోతుందన్న పుకారు కూడా ఉండేది. సైనికులు నిజంగా మింగుతున్నారా అని చెప్పకుండా రక్తపరీక్షలు చేయించాడు. నూటికి 95 మంది రక్తంలో మందు కనిపించకపోతే ఆ దళాధికారికి ఉద్వాసన. ముగ్గురిని తీసేశాక పరిస్థితి చక్కబడిందట.

సేనాపతులు రాసుకున్న పుస్తకాల్లో ఇంత మంచి ఆరోగ్యశాస్త్ర పాఠం అరుదు. విద్యార్థులు ఆ పేజీలైనా చదవాలి. కానీ చదివి ముగించేసరికి మన మనసులో మిగిలేది క్రమశిక్షణ ఒక్కటే. మాత్ర తయారుచేసిన కర్మాగారం, దాన్ని మోసుకొచ్చిన ఓడ, రోగిని ఎత్తుకెళ్ళిన విమానం ఆ మాట వెనక దాక్కుంటాయి. ఇవేవీ అందని సైన్యం గతి ఏమిటన్నది పుస్తకం పరిధి కాదు. ఆ సగం అండమాన్‌లో ఉంది.

జపాను సేనలు 1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. అదే నెలలో జావా కూడా వారికి దక్కింది. ప్రపంచంలో వాడే సింకోనా బెరడులో పదింట తొమ్మిది పాళ్ళకు మించి జావా తోటలదే. అంటే మలేరియాకు అప్పటి ప్రధానమైన మందు జపాను చేతిలో పడింది. అది పోయినవారు మెపాక్రిన్‌ను పెద్ద ఎత్తున తయారు చేసుకున్నారు. మందు ఎవరిదన్న లెక్క ప్రకారం జపాను గెలవాలి. కానీ 1945 నాటికి జలాంతర్గాములు, విమానాల దెబ్బకు ఈ దీవులకు ఓడలు రావడమే గగనమైంది. తోట ఉండటం వేరు, మాత్ర నోటిదాకా రావడం వేరు.

దాడి వస్తుందని జపాను సైన్యం తీరం పొడవునా కాంక్రీటు బంకర్లు కట్టించింది. చాకిరీ స్థానికులది. ఆ దాడి రానేలేదు; అండమాన్‌పై మిత్రరాజ్యాలు వేసుకున్న పథకం 1943 డిసెంబరులో రద్దయింది. కోర్బిన్స్ కోవ్ దగ్గర, రాస్ దీవిలో (ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం, మన సికిందరాబాదు రోనాల్డ్ రాస్‌కూ దీనికీ సంబంధం లేదు, ఇది సముద్ర సర్వేయరు డేనియల్ రాస్ పేరు) ఆ బంకర్లు ఇప్పటికీ చూడవచ్చు. యాత్రికులు వాటిలో తుపాకీ పెట్టే కంత కోసం చూస్తారు. మీరు వెళితే చుట్టూ ఉన్న నీటిని చూడండి.

ఎందుకంటే 1912లోనే ఎస్.ఆర్. క్రిస్టఫర్స్ అనే వైద్యాధికారి అండమాన్ మలేరియాపై ఒక నివేదిక ప్రచురించాడు. ఇక్కడి మలేరియా ఉప్పు చిత్తడి నేలలకు సుమారు అర మైలు లోపలే ఎక్కువనీ, కారణం ఉప్పు కలిసిన నీటిలో పెరిగే అనాఫిలస్ దోమ అనీ చూపాడు. అప్పుడు దాన్ని లుడ్లోయై అన్నారు. ఇప్పుడు సండాయికస్ సముదాయంలో చేరుస్తున్నారు. బంకరు ఎక్కడ కడతారు? శత్రువు ఓడ కనిపించే తీరాన. దోమ ఉండేదీ అక్కడే. శత్రువు కోసం రాత్రంతా మేలుకున్న కాపలావాడు నిజానికి దోమకు అందుబాటులో కూర్చున్నాడన్నది నా ఊహ, కానీ క్రిస్టఫర్స్ పటం ఆ ఊహకే దారి తీస్తుంది.

వైద్యం ఎవరు చేయాలి? పోర్ట్ బ్లెయిర్‌లో పేరున్న వైద్యుడు, పంజాబీ కవి డాక్టర్ దీవాన్ సింగ్‌పై గూఢచారి అన్న ఆరోపణ మోపి సెల్యులర్ జైలులో చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 14న ఆయన అక్కడే మరణించాడు. తర్వాత ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున దీవుల పాలకుడిగా వచ్చిన ఎ.డి. లోకనాథన్ కూడా ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడే. జపానువారు ఆయనకు నిజంగా అప్పగించిన శాఖ విద్య మాత్రమే. స్లిమ్ వైద్యుల సలహాకు సేనాధికారులను తొలగించాడు. ఇక్కడ ఒక వైద్యుణ్ణి చంపారు, ఇంకొకరికి బడులు ఇచ్చారు. 1945 ఆగస్టులో తిండి చాలక, పనికిరారనుకున్న వందలాది పౌరులను ఓడల్లో హేవ్‌లాక్ దీవి వైపు తీసుకెళ్ళి సముద్రంలో దింపేశారు. ఎక్కువమంది మునిగిపోయారు, ఒడ్డు చేరినవారిలో చాలామంది ఆకలితో పోయారు.

వైద్యాన్ని యుద్ధం ముందుకు నడిపిందనే వాక్యంలో వీరు ఎక్కడ ఇమడాలో నాకు తెలియడం లేదు. 1945లో స్లిమ్ సైన్యంలో రోగుల సంఖ్య రోజుకు వెయ్యికి ఒకరి దాకా తగ్గడం ఎంత నిజమో, ఇదీ అంతే నిజం.

ఆ దోమ మాత్రం యుద్ధంతో పోలేదు. 2004 డిసెంబరు భూకంపంలో దక్షిణ అండమాన్ నేల కుంగి, పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్ వరిపొలాల్లోకి సముద్రపు నీరు వచ్చి నిలిచిపోయింది. పరిశోధకులు ఆ నీటిలో సండాయికస్ పిల్లలను పట్టుకున్నారు.