తప్పితే మాయమయ్యే గిటార్

2005 నవంబరులో అమెరికా దుకాణాల్లోకి ప్లేస్టేషన్ 2 ఆట ఒకటి పొడవాటి పెట్టెలో వచ్చింది. డిస్కుతో పాటు అందులో గిబ్సన్ ఎస్‌జీ ఆకారంలో, అసలుదానికన్నా చిన్నదైన ప్లాస్టిక్ గిటార్ ఉంది. దానికి తీగలు లేవు. మెట్లు ఉండాల్సిన చోట ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల్లో ఐదు బటన్లు. కుడిచెయ్యి మీటడానికి పైకీ కిందికీ కదిలే పట్టీ. స్వరాన్ని వణికించడానికి చిన్న కడ్డీ. ఆట పేరు గిటార్ హీరో. రెండేళ్లు తిరిగేసరికి దాన్ని తయారుచేసినవాళ్లే రాక్ బ్యాండ్ అనే మరో ఆటతో దానికి పోటీకి దిగారు. ఆ తర్వాత మూడేళ్లు సాగిన పోటీని వ్యాపార పత్రికలు అమ్మకాల లెక్కల్లో చూశాయి. నాకు మాత్రం అందులో సంగీతం గురించిన ఒక పెద్ద వాదన వినిపిస్తుంది. వాయించడమంటే ఒక్కడి చేతి చురుకా, నలుగురూ కలిసి నిలబెట్టే పాటా అన్నదే ఆ వాదన.

ముందు ఆట ఎలా నడుస్తుందో చెప్పాలి. తెర మీద గిటార్ మెడ దూరం నుంచి మనవైపు జారుతూ వస్తుంది. దాని మీద రంగు బిళ్లలు వస్తుంటాయి. ఒక బిళ్ల అడుగున ఉన్న గీతను తాకే క్షణంలో ఆ రంగు బటన్ నొక్కిపట్టి పట్టీని మీటాలి. రెండు బిళ్లలు పక్కపక్కనే వస్తే రెండూ నొక్కాలి. బిళ్ల వెనక తోక ఉంటే అది ముగిసేదాకా వేలు తీయకూడదు. కొన్ని స్వరాలకు మీటు అక్కర్లేదు. ముందు స్వరాన్ని సరిగ్గా మీటితే, తర్వాతవాటిని ఎడమచేతి వేలు దించుతూ, ఎత్తుతూ పలికించొచ్చు. అసలు గిటార్ మీద కూడా ఈ పనులున్నాయి. హామర్-ఆన్, పుల్-ఆఫ్ అంటారు. మొదటి ఆటలో వీటిని పట్టుకోవడం చాలా కష్టం. 2006లో వచ్చిన గిటార్ హీరో 2లో ఆ పట్టు సడలించారు. అప్పటినుంచే వేగమైన సోలోలు సామాన్యుల చేతికి అందాయి.

అయితే ఈ ఆటల ప్రాణం బిళ్లల్లో లేదు, శబ్దం కట్టిన తీరులో ఉంది. పాటలో గిటార్, బాస్, డ్రమ్స్, గొంతు విడివిడి ట్రాకులుగా ఉంటాయి. మీరు గిటార్ వాయిస్తూ ఒక స్వరం తప్పితే ఆ ఒక్క ట్రాకే తెగిపోతుంది. డ్రమ్స్ ఆగవు, గాయకుడు ఆగడు, పాట నడిచిపోతూనే ఉంటుంది. మధ్యలో మీరుండాల్సిన చోట ఖాళీ. మళ్లీ సరిగ్గా మీటిన మరుక్షణం గిటార్ తిరిగొస్తుంది. బటన్ నొక్కితే స్వరం పుట్టదు, సరైన సమయానికి నొక్కినంతకాలం రికార్డింగులోని స్వరం వినబడుతుంది, అంతే. కానీ ఆ లేకపోవడం చెవికి ఎంత స్పష్టంగా తెలుస్తుందంటే, ఏళ్ల తరబడి విన్న పాటలో ఇన్నాళ్లూ బాస్ ఏం చేస్తోందో అది తెగిపోయినప్పుడే మొదటిసారి అర్థమవుతుంది. పాటను పొరలుగా విడదీసి వినడం నేర్పిన సాధనం ఇంత చవగ్గా అంతకుముందు సామాన్య శ్రోతకు దొరకలేదని నా నమ్మకం.

ఈ ఊహ మొదట అమెరికాది కాదు. జపాన్‌లో కొనామి సంస్థ 1997లో బీట్‌మేనియాను, 1999లో మూడు బటన్ల గిటార్‌ఫ్రీక్స్‌ను, అదే ఏడాది డ్రమ్‌మేనియాను ఆర్కేడ్లలో పెట్టింది. గిటార్ మెడను పైకెత్తడం, మీటే పట్టీ అన్నీ అక్కడే ఉన్నాయి. అమెరికాలో రెడ్ఆక్టేన్ అనే చిన్న సంస్థ డాన్స్ ఆటలకు కాళ్ల కింద పరిచే చాపలు చేసేది. అలాంటి గిటార్ ఆటను అమెరికా ఇళ్లలోకి తేవాలనుకుంది, హార్మోనిక్స్ తలుపు తట్టింది. హార్మోనిక్స్‌ను 1995లో ఎలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ స్థాపించారు. ఇద్దరూ ఎంఐటీలో చదివినవాళ్లు. వాద్యం రానివాళ్లకు కూడా సంగీతం చేసే ఆనందం అందించాలన్నది వాళ్ల పట్టుదల. 2001లో ఫ్రీక్వెన్సీ, 2003లో యాంప్లిట్యూడ్ అనే ఆటలు చేశారు. విమర్శకులు మెచ్చారు, జనం కొనలేదు. చేతిలో గిటార్ ఆకారం పెట్టగానే జనం కొన్నారు. ఒంటికి ఆనుకున్న వస్తువు మనసును ఎంత మారుస్తుందో తెలియడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

2006లో దారులు చీలాయి. రెడ్ఆక్టేన్‌ను, దానితో పాటు గిటార్ హీరో పేరును యాక్టివిజన్ కొంది. హార్మోనిక్స్‌ను ఎంటీవీ కొంది. పేరు ఒకరి చేతికి, పనితనం ఇంకొకరి చేతికి వెళ్లాయి. యాక్టివిజన్ తర్వాతి ఆటను స్కేట్‌బోర్డు ఆటలకు పేరుపడ్డ నెవర్‌సాఫ్ట్‌కు అప్పగించింది. 2007 అక్టోబరులో గిటార్ హీరో 3, నవంబరులో రాక్ బ్యాండ్ వచ్చాయి.

ఒకే పాటను ఈ రెండు చేతుల్లో పెడితే తేడా వేళ్లకు తెలుస్తుంది. బిళ్లలను ఎక్కడ పెట్టాలో నిర్ణయించే పనిని చార్టు రాయడం అంటారు. అసలు గిటార్‌కు వందకు పైగా స్థానాలుంటే ఇక్కడున్నవి ఐదు బటన్లు. కాబట్టి చార్టు రాసేవాడు స్వరాన్ని కాకుండా స్వరం కదిలే దిశను, వాక్యం ఆకారాన్ని రాస్తాడు. స్వరం పైకి వెళ్తే చెయ్యి కిందివైపు బటన్లకు జారాలి, తీగను వంచినచోట కడ్డీ పట్టుకోవాలనిపించాలి, రెండోసారి అదే పల్లవి వస్తే అవే వేళ్లు పడాలి. హార్మోనిక్స్‌లో పనిచేసేవాళ్లలో చాలామంది బోస్టన్ బ్యాండ్లలో వాయించేవాళ్లు. వాళ్ల చార్టుల్లో ఆ అనుభవం కనిపిస్తుంది. కష్టం ఎక్కడుందో అక్కడే కష్టంగా ఉంటుంది, పాట తేలిగ్గా ఊపిరి తీసుకునేచోట వేళ్లకూ విరామం దొరుకుతుంది. నెవర్‌సాఫ్ట్ చార్టుల్లో సవాలుకే పెద్దపీట. మూడు బటన్లు ఒకేసారి నొక్కాల్సినవి ఎక్కువ, వేగంగా మారే మీట్లు ఎక్కువ. అందుకు బదులుగా సమయం విషయంలో ఆట చాలా ఉదారంగా ఉంటుంది. కాస్త ముందూవెనకా అయినా స్వరాన్ని లెక్కలో వేసుకుంటుంది.

దీనికి పరాకాష్ఠ గిటార్ హీరో 3లో అన్నీ ముగిశాక వచ్చే డ్రాగన్‌ఫోర్స్ పాట, 'త్రూ ది ఫైర్ అండ్ ఫ్లేమ్స్'. ఏడు నిమిషాలకు పైగా సాగే ఆ పాటకు ఎక్స్‌పర్ట్ స్థాయిలో 3,700కు పైగా స్వరాలున్నాయి. దాన్ని పూర్తిచేయడం ఒక తరానికి వ్రతమైంది. ఆ వ్రతాన్ని నేను చిన్నచూపు చూడను. నెమ్మదిగా సాధన చేసి, ముక్కలుగా విడగొట్టి, వేగం పెంచుకుంటూ పోయే క్రమశిక్షణ ఏ వాద్యానికైనా అవసరమే. కానీ అదే ఆటలో స్లాష్, టామ్ మొరెల్లో లాంటి గిటారిస్టుల బొమ్మలతో పోరాడి, వాళ్ల తీగలు తెంపి గెలిచే ఘట్టాలున్నాయి. ఇంకొకరి వాయిద్యాన్ని చెడగొట్టి గెలవడం సంగీతంలో ఎక్కడుంది? గిటార్ హీరో ఆలోచన ఎటు పోతోందో అక్కడే తెలిసిపోయింది.

రాక్ బ్యాండ్ గిటార్‌కు బాస్, నాలుగు పలకలూ ఒక పెడలూ ఉన్న డ్రమ్స్, మైకు జతచేసింది. నలుగురూ ఒకే తెర ముందు నిలబడతారు. ఒకరు తడబడి పడిపోతే ఇంకొకరు తాము కూడబెట్టుకున్న ఓవర్‌డ్రైవ్ శక్తిని ఖర్చుపెట్టి వెనక్కి తేవచ్చు. కొన్ని వాక్యాలు అందరూ కలిసి తప్పులేకుండా వాయిస్తే అందరికీ అదనపు శక్తి. డ్రమ్మరు ఓవర్‌డ్రైవ్ వాడాలంటే పాటలో ఖాళీ వదిలిన చోట తనకు తోచిన ముక్తాయి వేసి, చివరి దెబ్బ సరిగ్గా కొట్టాలి. భజనలో తాళం తప్పినవాడి వైపు పక్కవాడు కాస్త జరిగి చిడతలు గట్టిగా వాయించి దారిలో పెట్టినట్టు, ఇక్కడ నేర్పున్నవాడు లేనివాణ్ని మోస్తాడు. వాయించడం తెలియని తల్లిదండ్రులు పిల్లలతో కలిసి ఈజీ స్థాయిలో కూర్చున్నా పాట పూర్తవుతుంది.

పరికరాల సంగతికొస్తే గెలుపు అంత ఏకపక్షం కాదు. రాక్ బ్యాండ్ మొదటి గిటార్, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ రూపంలో అందంగా ఉన్నా, దాని మీటే పట్టీ మెత్తగా, చప్పుడు లేకుండా కదిలేది. మీటు పడిందో లేదో చేతికి తెలిసేది కాదు. గిటార్ హీరో పట్టీ టక్కుమంటుంది. వేగం కావలసినవాళ్లు అందుకే దాన్ని వదల్లేదు. డ్రమ్స్‌లో కూడా గిటార్ హీరో 2008లో తెచ్చిన వరల్డ్ టూర్ సెట్టు మెరుగ్గా ఉంది. మూడు మెత్తటి పలకలు, పైకెత్తిన రెండు తాళాలు, ఎంత గట్టిగా కొట్టామో గుర్తించే ఏర్పాటు. రాక్ బ్యాండ్ మొదటి పలకలు గట్టివి, వాటి మోత పక్కగదికి వినబడేది. మరోపక్క, కొత్త హెచ్‌డీ టీవీలు బొమ్మను ఆలస్యంగా చూపడం ఈ ఆటలకు ప్రాణాంతకమైంది. హార్మోనిక్స్ రాక్ బ్యాండ్ 2 గిటార్ లోపలే చిన్న మైకు, వెలుతురు సెన్సర్ పెట్టి టీవీ ఎంత ఆలస్యం చేస్తోందో గిటారే కొలుచుకునేలా చేసింది. లయను గౌరవించేవాళ్లకే వచ్చే ఆలోచన అది.

డ్రమ్స్ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. గిటార్ కంట్రోలర్ వాయించడం గిటార్ వాయించడం కాదు. అది ఎడమచేతికి, కుడిచేతికి పొత్తు కుదర్చడం వరకే నేర్పుతుంది. కానీ ఎక్స్‌పర్ట్ స్థాయిలో డ్రమ్స్ దాదాపు డ్రమ్స్ వాయించడమే. చేతులు, కాలు వేర్వేరు కాలాల్లో నడవడం, వేగం పట్టి నిలపడం అసలు సెట్టు మీద కూర్చున్నప్పుడు కూడా పనికొస్తాయి. ఈ ఆటలు గిటార్ నేర్పవని వెక్కిరించినవాళ్లు డ్రమ్స్ వైపు చూడలేదు.

2009 సెప్టెంబరు 9న హార్మోనిక్స్ ది బీటిల్స్: రాక్ బ్యాండ్ తెచ్చింది. ఈ సంప్రదాయం మొత్తంలో నేను శిఖరం అనుకునేది ఇదే. బీటిల్స్ తొలి పాటలు రెండు ట్రాకుల మీద రికార్డయ్యాయి. వాద్యాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. విడివిడి ట్రాకులు లేకుండా ఈ ఆట లేదు. బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ బృందం కూర్చుని ఆ శబ్దాలను ఒక్కొక్కటిగా వేరుచేసింది. ముగ్గురు మూడు శ్రుతుల్లో కలిసి పాడే ఏర్పాటు కూడా ఇందులోనే మొదలైంది. హార్మొనీలో మధ్య గొంతు ఎంత కష్టమో పాడిచూస్తే తప్ప తెలియదు.

మరుసటి ఏడాది రాక్ బ్యాండ్ 3 రెండు సప్తకాల కీబోర్డును చేర్చింది. 17 మెట్లకూ ఆరు తీగలకూ లెక్కగా 102 బటన్లున్న ఫెండర్ మస్టాంగ్ గిటార్‌ను తెచ్చింది. ప్రో స్థాయిలో తెర మీద వచ్చేవి అసలు స్థానాలే. ఈ ఆటల మీద ఉన్న ప్రధాన ఆరోపణకు దానితో జవాబు వచ్చింది. అయితే అప్పటికే ఆలస్యమైంది. 2009లో గిటార్ హీరో ఒక్క ఏడాదిలో మెటాలికా, స్మాష్ హిట్స్, 5, వాన్ హాలెన్ అంటూ పెట్టెల మీద పెట్టెలు దించింది. జనాల గదుల్లో చోటు, జేబుల్లో డబ్బు రెండూ అయిపోయాయి. 2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ గిటార్ హీరో విభాగాన్నే మూసేసింది.

మన సంగీతం తెలిసినవాడికి ఈ ఆటల్లో వెలితిగా అనిపించేది మనోధర్మం. రాసింది రాసినట్టు వాయించాలి, డ్రమ్మరు ముక్తాయి తప్ప సొంత ఊహకు తావు లేదు. 2015లో రాక్ బ్యాండ్ 4 సోలోలను మనకు తోచినట్టు వాయించుకునే ఏర్పాటు పెట్టింది, అది మంచి అడుగు. అదే ఏడాది గిటార్ హీరో లైవ్ రెండు వరసల ఆరు బటన్లతో తిరిగొచ్చింది. ఆ గిటార్ మీద వేళ్లు కదిలే తీరు నిజానికి దగ్గరగా, హాయిగా ఉంటుంది. కానీ దాని పాటల్లో ఎక్కువ భాగం నెట్ ద్వారా వచ్చేవి. 2018 డిసెంబరులో ఆ సేవ ఆపేయగానే డిస్కులో ఉన్న 42 పాటలే కొన్నవాళ్లకు మిగిలాయి. రాక్ బ్యాండ్ మాత్రం పాత కన్సోల్‌లో కొన్న పాటల్లో చాలావాటిని అదే కంపెనీ కొత్త కన్సోల్‌కు తెచ్చుకోనిచ్చింది, 2024 జనవరి దాకా కొత్త పాటలు అమ్ముతూ వచ్చింది. ఆట మీద ప్రేమ ఎవరికుందో తేల్చుకోవడానికి నాకు ఈ తేడా చాలు.

ఇప్పుడు అభిమానులు సొంతంగా చేసుకున్న క్లోన్ హీరో కంప్యూటర్ల మీద ఉచితంగా నడుస్తోంది, పాత గిటార్లు దానికి పనికొస్తాయి. కాబట్టి అమెరికాలో ఉన్న మనవాళ్ల గరాజుల్లో గానీ, వాళ్లు ఇక్కడికి తెచ్చిన సామాన్లలో గానీ అలాంటి పెట్టె ఉంటే చెత్తలో వేయకండి. ముందు టీవీ ఆలస్యం సరిచూసుకోండి. గిటార్ పిల్లలకిచ్చి, మీరు డ్రమ్స్ దగ్గర కూర్చోండి.