ముందు పేరా, తర్వాతే బిట్టు

బ్యాంకు నోటిఫికేషనో, ఎస్సెస్సీ నోటిఫికేషనో పడిందంటే మన దగ్గర ఇంగ్లిష్ ప్రిపరేషన్ దాదాపు ఒకే వరుసలో నడుస్తుంది. ముందు పర్యాయపదాల పట్టీ, తర్వాత వ్యతిరేక పదాలు, ఆపైన గ్రామర్ రూల్సు, వాటి మీద బిట్లు. ప్యాసేజీలు ఆఖర్న, టైముంటే. టైము ఉండదు. ఈ వరుసను తిరగెయ్యాలన్నది నా వాదన. ప్యాసేజీతో మొదలుపెట్టి, మాటల్నీ గ్రామర్‌నీ అందులోంచే సాధన చెయ్యాలి. హైదరాబాదులోనైనా ఇదే అంటాను గానీ ఖమ్మం దాటి భద్రాచలం వైపు, దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుల్లో ఇంకాస్త గట్టిగా అంటాను. అక్కడి కోయ పిల్లలకు ఇంగ్లిష్ రెండో భాష కాదు, మూడోది. ఇంట్లో కోయ, బడిలోనూ సంతలోనూ తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్. పట్టీలో ఇంగ్లిష్ మాట పక్కన అచ్చేసిన తెలుగు అర్థం ‘ఔదాసీన్యం’, ‘ఉపశమనం’ లాంటిదై ఉంటుంది. దానికి మళ్లీ అర్థం వెతుక్కోవాలి. తెలియని మాటకు తెలియని మాటను జతచేసి కంఠస్థం పట్టించడాన్నే మనం ప్రాక్టీస్ అంటున్నాం.

పరీక్ష లెక్క కూడా ఈ పద్ధతికి అనుకూలంగా లేదు. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్రశ్నకు 40 సెకన్లు. ఆ 40 సెకన్లలోనే ప్యాసేజీ చదివే సమయం కూడా కలిసి ఉంది. ప్రతి ప్రశ్నకూ అయిదు ఆప్షన్లు, తప్పు రాస్తే పావు మార్కు కోత. ఏమీ తెలియక గుడ్డిగా గుర్తుపెడుతూ పోతే అయిదింట ఒకటి తగులుతుంది, నాలుగు పావులు పోతాయి, చివరికి మిగిలేది సున్నా. ‘ఈ మాట పట్టీలో చూసినట్టుంది, అర్థం గుర్తు రావడం లేదు’ అన్నవాడి పరిస్థితి అదే. వాక్యాన్ని చదివి, ఈ రెండు ఆప్షన్లూ ఇక్కడ పొసగవు అని కొట్టేయగలిగినవాడు మిగిలిన మూడింట్లో ఊహించినా సగటున ప్రశ్నకు ఆరోవంతు మార్కు లాభంలో ఉంటాడు. పొసగనిదాన్ని పోల్చుకునే శక్తి పట్టీ ఇవ్వదు, చదువుతూ పోతేనే వస్తుంది. పైగా మూడు విభాగాల్లోనూ విడివిడిగా కటాఫ్ దాటాలి కాబట్టి, లెక్కల్లో కుమ్మేసి ఇంగ్లిష్‌ను వదిలేస్తానంటే కుదరదు.

గ్రామర్ అయితే రూల్సుతోనే రావాలి కదా అంటారు. కొంత నిజం. కర్తను బట్టి క్రియ మారడం లాంటివి రూలుగా చెప్పి, యాభై వాక్యాలు చేయిస్తే పట్టుబడతాయి. దానికి ప్యాసేజీ అక్కర్లేదు. కానీ మనవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడ కాదు, ఆర్టికల్స్ దగ్గర. తెలుగులో ఆర్టికల్స్ లేవు, అదే కుటుంబానికి చెందిన కోయలోనూ లేవు. ‘ఎ’ రావాలా, ‘ద’ రావాలా అన్నది చాలాసార్లు ఆ వాక్యంలో తేలే విషయం కాదు. ఆ వస్తువు ప్రస్తావన అంతకుముందు వాక్యంలో వచ్చిందా, చదివేవాడికి అదేదో ఇప్పటికే తెలుసా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ముందు వాక్యాన్ని కోసేసి, ఒంటరి వాక్యంలో ఖాళీ పెట్టి, రూలు నంబరు చెప్పమంటే పిల్లలు పాచికలు వేసినట్టే వేస్తారు. టెన్సులదీ అదే కథ. నిన్న జరిగి ముగిసిన పనా, దాని ఫలితం ఇప్పటికీ ఉన్న పనా అన్నది కథ తెలిస్తేనే తెలుస్తుంది. పరీక్షలు పెట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే పేరాలో ఖాళీలు పెట్టి నింపమనే క్లోజ్ టెస్టు, జంబుల్డ్ వాక్యాలను వరుసలో పెట్టమనే ప్రశ్న పేపర్లలో ఉంటున్నాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత పేపరుగా ఉన్న 150 మార్కుల జనరల్ ఇంగ్లిష్‌లో కాంప్రహెన్షన్, ప్రెసీ, లేఖారచన ఉన్నాయి. ఒంటరి వాక్యాల సాధన వీటిలో దేనికీ సరిపోదు.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. వందేళ్ల కిందట ఢాకాలో టీచర్లకు శిక్షణనిచ్చిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ పిల్లల ద్విభాషా చదువు మీద పుస్తకం రాస్తూ ఇదే దారి చూపించాడు: ముందు చదవడం నేర్పండి, మాట్లాడటం, రాయడం తర్వాత. దానికి ఆయన చెప్పిన కారణం బీమా పాలసీ కట్టే ప్రతివాళ్లకూ తెలిసిందే. మధ్యలో మానేస్తే ఎంత తిరిగొస్తుందన్న సరెండర్ విలువ. ఇంగ్లిష్ చదువు మొదలుపెట్టిన పిల్లల్లో ఎక్కువమంది చివరిదాకా ఉండరు. ఎక్కడ ఆగిపోయినా ఎంతో కొంత చేతిలో మిగలాలంటే, మిగిలేది చదివే శక్తే. ఆశ్రమ పాఠశాలల్లో తొమ్మిది, పది తరగతుల దగ్గర చదువు ఆగిపోయేవాళ్లను తలుచుకుంటే ఆ మాట మన్యం కోసమే రాసినట్టుంటుంది. వంద రూల్సు నేర్చి ఆగిపోయినవాడికి ఆ రూల్సు దేనికీ పనికిరావు. నెమ్మదిగానైనా పేరా చదవగలిగినవాడు బ్యాంకు ఫారమూ, మందు డబ్బా మీది సూచనా, ఆఫీసు నోటీసూ చదువుకుంటాడు. ఆ తర్వాత 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్.ప్రభు దక్షిణాది మామూలు బళ్లలో చేసిన బెంగళూరు ప్రాజెక్టు కూడా దృష్టి అర్థం మీద ఉన్నప్పుడు వ్యాకరణం దానంతట అది కుదురుకుంటుందన్న నమ్మకం మీదే నడిచింది. దాని ఫలితాలను బయటివాళ్లు పరీక్షించినప్పుడు పూర్తిగా తిరుగులేని గెలుపేమీ తేలలేదు. అందుకే రూల్సును గంగలో కలపమని అనడం లేదు, వరుస మార్చమంటున్నాను.

ఇక్కడ అసలైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మాటలే తెలియనప్పుడు పేరా ఎలా చదువుతారు? భాషా బోధన పరిశోధకుడు పాల్ నేషన్ లెక్క ప్రకారం ఎవరి సాయం లేకుండా ఒక రచనను అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో 98 శాతం తెలిసి ఉండాలి. అంటే 300 మాటల ప్యాసేజీలో తెలియనివి ఆరుకు మించకూడదు. వార్తాపత్రికలు, నవలలు ఆ స్థాయిలో చదవడానికి ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలంటాడు. ఈ అంకె చూపించి, ‘అందుకే ముందు పట్టీ’ అంటారు. నాకు మాత్రం ఇది పట్టీకి వ్యతిరేకంగానే కనిపిస్తుంది. తొమ్మిది వేల మాటలు పట్టీల మీద ఎవరికీ రావు. కావలసింది మొదటి మెట్టు మీద తెలియని మాటలు తక్కువగా ఉండే ప్యాసేజీలు. మాటలు కొన్ని తెలియకపోయినా విషయం తెలిసి ఉండే ప్యాసేజీలు మరీ మంచివి. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన పాఠం చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కన్నా పాఠాన్ని బాగా గుర్తుపెట్టుకుని చెప్పారు. కాంప్రహెన్షన్ అన్నది భాషతోనే వచ్చేది కాదని, విషయ పరిచయం సగం బరువు మోస్తుందని ఆ ప్రయోగం చూపించింది.

మరి గోదావరి ఒడ్డు పిల్లలకు తెలిసిన ఆట ఏది? వరద. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అన్నది అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిందని ఊళ్లో పెద్దలు చెబుతారు. కేంద్ర జలసంఘం ఇంగ్లిష్ బులెటిన్‌లో నీటిమట్టం పెరుగుతోందా తగ్గుతోందా, ఎన్ని క్యూసెక్కులు, ఏ సమయానికి ఎంతకు చేరొచ్చు అని ఉంటుంది. చూసిన విషయం కాబట్టి రిసీడ్, ఇనన్‌డేట్, ఇవాక్యుయేట్, సబ్‌మర్జ్ అన్న మాటలు ప్యాసేజీలోనే అర్థం తెలిపి వెళతాయి. ఇవి బ్యాంకు పేపరు పర్యాయపదాల్లోనూ రాదగ్గ మాటలే. పోడు భూముల పట్టాలకు ఆధారమైన 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో పాఠం. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉండాలి, నాలుగు హెక్టార్లకు మించకూడదు, ఆదివాసులు కాని అటవీవాసులైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. ఈ షరతుల్లో ‘మించకుండా’, ‘అయితే’, ‘తప్ప’ అన్న అర్థాన్నిచ్చే ఇంగ్లిష్ మాటలు ఎక్కడ పడ్డాయో తప్పుగా చదివితే ఏం పోతుందో ఆ పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. పరీక్షలో వచ్చే ప్యాసేజీ గోదావరి మీద ఉండదు, ద్రవ్యోల్బణం మీదో కృత్రిమ మేధ మీదో ఉంటుంది అనొచ్చు. ఉండదు, నిజమే. ఏడాదంతా వరద మీదే చదవమని ఎవరూ అనరు. వరద నుంచి ఆనకట్టకు, పోలవరం నుంచి కరెంటుకు, సింగరేణి బొగ్గు నుంచి వాతావరణ మార్పుకు, అక్కడి నుంచి ధరలకు వెళ్లడం పెద్ద దూరమేమీ కాదు. తెలిసిన విషయం మీద వాక్యం పట్టుబడితే, తెలియని విషయం దగ్గర పిల్లలు మోయాల్సిన బరువు ఒక్కటే అవుతుంది, రెండు కావు.

పరీక్షలే తెలుగులోకి వస్తుంటే ఈ తిప్పలెందుకని కూడా అడగొచ్చు. ఎస్సెస్సీ ఎంటీఎస్ లాంటివి 13 ప్రాంతీయ భాషల్లో రాయొచ్చు. 2024 నుంచి కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష కూడా అంతే. మంచిదే, ఎప్పుడో జరగాల్సింది. అయితే కానిస్టేబుల్ పేపరులో మిగతావి తెలుగులో రాసినా, 20 ప్రశ్నల భాషా విభాగం మాత్రం ఇంగ్లిషో హిందీయో ఎంచుకోక తప్పదు. ఎంటీఎస్‌లోనూ ఇంగ్లిష్ విభాగం అలాగే ఉంది. ఏజెన్సీలో పరిస్థితి ఇంకోలా కూడా మారింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంటి దగ్గర తెరిచి ఉన్న తలుపు ఒకటి మూతపడ్డాక, అందరూ రాసే పరీక్షల వైపే నడవాలి. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండి, దానికి ఆనుకున్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్లింది. ఇరుగుపొరుగు ఊళ్ల పిల్లలు వేర్వేరు సర్వీస్ కమిషన్ల పరీక్షలు రాస్తున్నారు గానీ రెండు చోట్లా ఇంగ్లిష్ గడప ఒకటే.

ప్యాసేజీ చదివాక దాని సారాన్ని పిల్లలు ఏ భాషలో చెప్పాలి? 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లు ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి కాబట్టి ఇంగ్లిష్‌లోనే అనేవాళ్లు ఎక్కువ. నేను కోయలో చెప్పనివ్వమంటాను, తర్వాత తెలుగులో, ఆఖర్న ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు. అర్థమైందా లేదా అన్నది సొంత భాషలో చెప్పినప్పుడే బయటపడుతుంది. ప్యాసేజీలోని వాక్యాన్నే తిప్పి అప్పజెప్పడం అర్థమైనట్టు కాదు. టీచరుకు కోయ రాకపోతే క్లాసులో ఒకరు కోయలో చెప్పినదాన్ని ఇంకొకరు తెలుగులో తిరిగి చెబుతారు, అదీ సాధనే. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు వచ్చాయి. ఆ ప్రయత్నం ఒకటి, రెండు తరగతుల దగ్గర ఆగాల్సిన అవసరం ఏమీ లేదు. విచిత్రమేమిటంటే, గోదావరి ఒడ్డు గొమ్ము కోయల మాటకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది, ఇంగ్లిష్‌లో. తమ మాట గురించిన ఆ పుస్తకాన్ని చదవాలన్నా ఈ పిల్లలకు కాంప్రహెన్షనే కావాలి.

నోటిఫికేషన్ పడి రెండు నెలలే మిగిలినవాళ్లకు ఈ వాదన సగమే పనికొస్తుంది, ఒప్పుకుంటాను. వాళ్లు పాత ప్రశ్నపత్రాల్లోని ప్యాసేజీలు తీసుకుని, ప్రతి జవాబూ ఏ వాక్యంలోంచి వచ్చిందో గీత గీసుకుంటూ పోవడం మంచిది. పట్టీలో కూడా పాత పేపర్లలో వచ్చిన మాటలకే పరిమితం కావాలి. కర్త-క్రియ రూల్సు ఓ వారం. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకు మాత్రం రెండు నెలలు కాదు, ఇంటర్ అయ్యేలోగా నాలుగేళ్లకు పైనే ఉంది. పాఠాలకు కొత్తగా ఖర్చు కూడా లేదు. వరద బులెటిన్లు, చట్టం ప్రతి, పాత ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని కష్టాన్ని బట్టి వరుసగా పేర్చి చదివించడానికి టీచరుకు వారంలో రెండు పీరియడ్లు కావాలి. ఆ రెండూ ఇప్పుడు బిట్ల ప్రాక్టీసుకు పోతున్నాయి.