అప్పు కాదు, చిల్లర

అంకె ఉన్న చోటును బట్టి దానికి వచ్చే విలువే స్థాన విలువ. 342లో 4 అంటే నాలుగు కాదు, నలభై. ఇంతవరకు ఒప్పజెప్పడం పిల్లలకు తొందరగానే వస్తుంది. అదే 342ను 34 పదులు, 2 ఒకట్లుగానో, 2 వందలు, 14 పదులు, 2 ఒకట్లుగానో మార్చి చెప్పమంటే తడబడతారు. పట్టు చిక్కాల్సింది అక్కడే.

దీనికి పుల్లల కట్టలను మించిన సామాను బడిలో లేదు. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు, పది కట్టలకు ఒక మోపు. 42లోంచి 17 తీసేయాలంటే విడి పుల్లలు రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పక తప్పదు. అప్పుడు 3 కట్టలు, 12 పుల్లలు. దీన్నే ‘పక్కింటి నుంచి అప్పు తేవడం’ అని నేర్పుతారు. ఆ మాట సరికాదు. మళ్లీ తీర్చేది లేనప్పుడు అది అప్పెలా అవుతుంది? పది రూపాయల నోటుకు చిల్లర మార్చడం అంటే అంగడికి వెళ్లే పిల్లలందరికీ ఎరుకే.

నూట ఐదును 1005 అని రాసే పిల్లలు విన్నది విన్నట్టే రాస్తున్నారు: నూరు, దాని పక్కన ఐదు. ఖాళీ స్థానాన్ని కాపాడేది సున్నా అని వాళ్లకింకా తెలియదు. దానికి ఇంట్లో ఉన్న పట్టాదారు పాసు పుస్తకం చాలు. ఎకరం ఐదు సెంట్లు 1.05, ఎకరన్నర 1.50. సున్నా చోటు మారితే 45 సెంట్ల నేల తేడా వస్తుంది.

పెద్ద సంఖ్యల పాఠం నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో కాలువ గట్టునే ఉంది. పోతిరెడ్డిపాడు మీదుగా వచ్చే శ్రీశైలం నీరు ఈ మండలంలోని బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర తెలుగుగంగ, కేసీ కాలువ, శ్రీశైలం కుడిగట్టు కాలువ (ఎస్సార్బీసీ)లకు చీలుతుంది. ఆ నీటిని టీఎంసీల్లో లెక్కిస్తారు. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు. మిలియన్ అంటే 10 లక్షలు. అలాంటివి వెయ్యి అంటే 10,000 లక్షలు. వంద లక్షలు ఒక కోటి గనక 100 కోట్లు. 1,000,000,000 అని రాసినా 1,00,00,00,000 అని రాసినా సున్నాలు తొమ్మిదే, కామాలే జరిగాయి.

సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే క్యూసెక్కు. రోజుకు 86,400 సెకన్లు. 10,000 క్యూసెక్కులు రోజంతా పారితే ఎంతో చెప్పడానికి గుణకారమూ అక్కర్లేదు, 86,400 పక్కన నాలుగు సున్నాలు చేరిస్తే సరి: 86 కోట్ల 40 లక్షల ఘనపుటడుగులు. టీఎంసీ నిండడానికి ఇంకా 13 కోట్ల 60 లక్షలు తక్కువ.