బంతి రాకముందే చూసేవాడు: హ్లోంపో కెకానా

2016 మార్చి 26న కామెరూన్‌లోని లింబే పట్టణంలో, ఆఫ్రికా కప్ ఫుట్‌బాల్ అర్హత పోటీలో ఆతిథ్య జట్టుతో దక్షిణాఫ్రికా ఆడుతోంది. మధ్యగీతకు ఇవతల, తమ జట్టు సగంలోనే బంతి దొరికింది హ్లోంపో కెకానాకు. ఎదుటి గోల్‌కీపర్ తన గీత వదిలి ముందుకు వచ్చి ఉన్నాడు. కెకానా అక్కడి నుంచే కొట్టాడు. బంతి 50 మీటర్లకు పైగా ప్రయాణించి, గోల్‌కీపర్‌ను దాటి వలలో పడింది. మ్యాచ్ 2-2తో ముగిసింది. ఆ గోల్ మాత్రం ఏడాదిలోని అందమైన గోల్‌కు ఫిఫా ఇచ్చే పుష్కాష్ అవార్డుకు నామినేట్ అయింది.

చాలామంది దాన్ని అదృష్టం అన్నారు, సాహసం అన్నారు. కెకానా ఆటను మొదటి నుంచీ చూసినవాళ్లకు అది అతని రోజువారీ పనిలో ఒక భాగంగానే కనిపిస్తుంది. దూరం కొలుచుకుంటే ఆ దెబ్బ ఎంత కష్టమో అర్థమవుతుంది. గోల్‌పోస్టు అడ్డకర్ర ఎత్తు 2.44 మీటర్లు. బంతి గోల్‌కీపర్ చేతికి అందనంత పైకి లేవాలి, మళ్లీ ఆ కర్ర కిందికి దిగిపోవాలి. కాలిబలం ఒక్కటే ఉంటే బంతి పైనుంచి పోతుంది. ఆనించిన పాదం బంతికి ఎంత పక్కన ఉంది, చీలమండ ఎంత బిగిసింది, ఒళ్లు ఎంత వెనక్కి వాలింది, ఈ మూడూ ఒక్క క్షణంలో కుదరాలి. వీటన్నిటికంటే ముందు, గోల్‌కీపర్ ఎక్కడున్నాడో తెలిసి ఉండాలి. బంతి కాలికి తగిలాక తలెత్తి వెతికితే ఆ అవకాశం చేజారిపోతుంది.

కెకానా అసలు పనితనం అక్కడే ఉంది. లింపోపో రాష్ట్రంలోని జెబెడియేలాలో 1985లో పుట్టిన అతను సూపర్‌స్పోర్ట్ యునైటెడ్ వంటి జట్లకు ఆడి, 2011లో ప్రిటోరియా జట్టు మమెలోడీ సన్‌డౌన్స్‌కు వచ్చాడు. పసుపు చొక్కాల సన్‌డౌన్స్ అంటే పొట్టి పాసుల ఆట. అభిమానులు దాన్ని ముద్దుగా ‘షూ షైన్ అండ్ పియానో’ అంటారు. కోచ్ పిట్సో మొసిమానే కట్టిన జట్టులో ఖామా బిలియాట్, కీగన్ డాలీ, లియోనార్డో కాస్ట్రో ముందు వరుసలో మెరిసేవారు. వాళ్లు అంత ధైర్యంగా ముందుకు ఉరకడానికి వెనక మిడ్‌ఫీల్డ్‌లో టియానీ మబుండా, కెకానా కాపు కాయడమే కారణం.

ఆ చోట ఆడేవాడి కష్టం స్కోరుబోర్డు మీదికి ఎక్కదు. డిఫెండర్లు తరిమిన బంతి ఎక్కడ పడుతుందో ఊహించి ముందే అక్కడికి చేరాలి. ఎదుటివాళ్లు ఎదురుదాడికి లేస్తే దారికి అడ్డం నిలవాలి. తమ వాళ్లకు ఊపిరాడనప్పుడు, దగ్గరకు వెళ్లి పాస్ అడగాలి. కెకానా బంతిని చాలాసేపు కాళ్ల దగ్గర ఉంచుకునే రకం కాదు. దాన్ని అందుకునేటప్పుడే ఒళ్లు సగం తిప్పి ఉండేవాడు కాబట్టి ఒక్క తాకుతోనే ముందుకు ఆడగలిగేవాడు. మడిలో నీరు ఎటు మళ్లాలో ఎరిగిన రైతులా, ఆట ఎటు పారాలో నిర్ణయించేవాడు.

ఈ ఓర్పుకు పెద్ద ఫలం కూడా 2016లోనే దక్కింది. ఆ ఏడాది ఆఫ్రికా చాంపియన్స్ లీగ్‌లో గ్రూపు దశకు ముందే సన్‌డౌన్స్ ఓడి బయటికి వచ్చేసింది. సన్‌డౌన్స్‌ను ఓడించిన డీఆర్ కాంగో జట్టు ఏఎస్ వీటా క్లబ్ అర్హత లేని ఆటగాణ్ని దించినందుకు వేటు పడటంతో సన్‌డౌన్స్‌కు మళ్లీ తలుపు తెరుచుకుంది. అలా వచ్చిన అవకాశాన్ని ఫైనల్ దాకా తీసుకెళ్లారు. ప్రిటోరియా పక్కనున్న అట్రిడ్జ్‌విల్‌లో ఈజిప్టు జట్టు జమాలెక్‌ను 3-0తో కొట్టి, అలెగ్జాండ్రియాలో 0-1తో ఓడినా కప్పు గెలిచారు. 1995లో ఓర్లాండో పైరేట్స్ తర్వాత ఆ కప్పు సాధించిన రెండో దక్షిణాఫ్రికా జట్టు అదే. అప్పటి కెప్టెన్ కెకానా. అతనికి వయసు 31. అలెగ్జాండ్రియాలో ఆధిక్యం నిలబెట్టుకోవాల్సిన ఆ రాత్రి జట్టుకు కావలసింది నిబ్బరం. కెకానా ఏళ్ల తరబడి పెంచుకున్న గుణం అదే.

2021లో క్లబ్‌ను వదిలే నాటికి అతను అక్కడ గడిపిన పదేళ్లలో సన్‌డౌన్స్ ఆరు లీగ్ టైటిళ్లు గెలిచింది. అన్ని టైటిళ్లూ ఒక్కడి చలవ అనడం అన్యాయం. కానీ కోచ్‌లు, ముందు వరుస ఆటగాళ్లు మారుతున్నా జట్టు నడక చెడకుండా ఉండాలంటే మధ్యలో ఒక స్థిరమైన మనిషి కావాలి. ఆ పదేళ్లలో ఎక్కువ కాలం ఆ మనిషి కెకానాయే.

అతని పాత మ్యాచులు దొరికితే ఒక పని చేయండి. పది నిమిషాలు బంతిని వదిలేసి అతని తలను మాత్రమే గమనించండి. బంతి తన వైపు రాకముందే అది ఎన్నిసార్లు ఎడమకీ కుడికీ తిరుగుతుందో చూడండి. లింబేలో కొట్టిన గోల్‌కు పునాది ఆ అలవాటే. మిడ్‌ఫీల్డర్ కావాలనుకునే ఏ పిల్లవాడైనా బంతిని బలంగా కొట్టడం కంటే ముందు నేర్చుకోవలసింది కూడా అదే.