సిద్ధాంతం ముందా, తర్వాతా?

ఇంగ్లీషు పరిశోధన వ్యాసం తాను తేల్చిన మాటను మొదటి పేజీలోనే చెప్పేస్తుంది. రష్యన్ వ్యాసం సమస్య పుట్టుపూర్వోత్తరాలు, దాని మీద పనిచేసిన పెద్దల పేర్లు ముందు చెప్పి, తేల్చినదాన్ని చివర పెడుతుంది. మిగతా తేడాలు చాలావరకు దీన్నుంచి పుట్టినవే.

ఉదాహరణకు ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊరికి తగిన అంశమే తీసుకోవచ్చు: పట్టాల వెల్డింగ్ అతుకుల్లో వచ్చే పగుళ్లు. ఇంగ్లీషులో మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘అతుకు త్వరగా చల్లారడమే పగుళ్లకు కారణం కావచ్చని ఈ వ్యాసంలో చూపుతున్నాను.’ రష్యన్‌లో ఇలా: ‘రైలు రవాణా పెరుగుతున్నందున అతుకుల మన్నిక ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. చల్లారే వేగానికీ పగుళ్లకూ గల సంబంధం ప్రస్తుత వ్యాసంలో పరిశీలించబడుతుంది.’ మొదటిదానిలో రాసిన మనిషి కనిపిస్తాడు, ‘కావచ్చు’ అని కాస్త తగ్గి మాట్లాడతాడు. రెండోదానిలో కర్త కనిపించడు. ఒక్కరే రాసినా ‘మేము’ అనడం రష్యన్ మర్యాద. తీరా ఫలితం దగ్గరకు వచ్చేసరికి ‘నిర్ధారణ అయింది’ అని గట్టిగానే అంటారు.

రష్యాలో థీసిస్‌ను పరీక్షక మండలి ముందు సమర్థించుకునే ముందు ‘అవ్తోరెఫెరాత్’ అనే చిన్న పుస్తకం తయారుచేయాలి. అంశం ప్రాధాన్యం, పరిశోధన వస్తువు, లక్ష్యం, కొత్తదనం, ప్రయోజనం దేనికది పేరు పెట్టి అందులో రాయాలి. తెలుగు పండితుడికి ఇది పరాయి పద్ధతిగా తోచదు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే అనుబంధ చతుష్టయంతో శాస్త్రగ్రంథం మొదలుపెట్టడం మన దగ్గరా ఉన్నదే. పూర్వపక్షం ముందు, సిద్ధాంతం తర్వాత అన్న వరసా అంతే. రష్యన్ పద్ధతిని డొంకతిరుగుడని తీసిపారేసేవారు ఈ సంగతి తలచుకోవాలి.

తీసిపారేసినవారు లేకపోలేదు. 1966లో అమెరికన్ భాషావేత్త రాబర్ట్ కాప్లన్ ఒక్కో జాతి రచనా తీరుకు ఒక్కో గీత గీశాడు. ఇంగ్లీషుకు తిన్నని గీత, రష్యన్‌కు పక్కదారులు పట్టే గీత. విదేశీ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలు చూసి వారి ఆలోచన తీరునే తేల్చడం అన్యాయం. తన మాట మరీ గట్టిగా ఉందని కాప్లనే తర్వాత ఒప్పుకున్నాడు. 1987లో జాన్ హైండ్స్ చేసిన విభజన ఇంతకంటే ఉపయోగకరం. అర్థం చేయించే బాధ్యత కొన్ని భాషల్లో రచయితది, కొన్నింట్లో పాఠకుడిది అన్నాడాయన. ఇంగ్లీషు రచయిత ఎక్కడికి వెళ్తున్నామో అడుగడుగునా చెబుతాడు. రష్యన్ రచయిత చదివేవాడు తనతో సమానుడని నమ్మి, మధ్య మెట్లు వదిలేస్తాడు. ఐఐటీ ప్రవేశ పరీక్షకు చదివే పిల్లలకు, ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలోనైనా విజయవాడలోనైనా, ఈ నమ్మకం సోవియట్ రచయిత ఇరోదోవ్ భౌతికశాస్త్ర లెక్కల పుస్తకంలో ఎదురవుతుంది. వెనక జవాబు ఉంటుంది, చేసే దారి చాలాచోట్ల ఉండదు. అది విద్యార్థికి ఇచ్చిన గౌరవమే.

అన్ని శాస్త్రాల్లో ఈ తేడా ఒకే మోతాదులో ఉండదు. చరిత్రలో, సాహిత్య విమర్శలో ఎక్కువ, గణితంలో బాగా తక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి కలకత్తాలో పేరు తెచ్చుకున్న సి.ఆర్. రావు, సోవియట్ గణితవేత్తలు కగాన్, లిన్నిక్‌లతో కలిసి రాసిన గణాంకశాస్త్ర గ్రంథం 1972లో మాస్కోలో రష్యన్‌లో వచ్చింది. మరుసటి ఏడే ఇంగ్లీషులోనూ వెలువడింది. సిద్ధాంతం, ఉపపత్తి అన్న వరస రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి అలాంటి పుస్తకానికి భాష మారినా నడక మారదు.

రష్యన్ పద్ధతి మీద ప్రభుత్వ విధానం ఒత్తిడీ పడింది. 2012 మే నెలలో రష్యా అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి వచ్చింది. ‘వెబ్ ఆఫ్ సైన్స్’ అనే అంతర్జాతీయ పరిశోధన సూచికలో నమోదయ్యే వ్యాసాల్లో రష్యా వాటా 2015 నాటికి 2.44 శాతానికి చేరాలన్నది అందులో ఒక లక్ష్యం. ఆ సూచికలోకి ఎక్కే పత్రికలు ఎక్కువగా ఇంగ్లీషువి. అక్కడ చోటు దక్కాలంటే తేల్చిన మాటను ముందుకు తేవాలి, పెద్దల ప్రస్తావన కుదించాలి. విదేశీ సూచికల్లోకి ఎక్కే పత్రికల్లో వ్యాసాలు వేయాలన్న షరతును 2022లో రష్యా ప్రభుత్వం పక్కన పెట్టింది.