చెరువు గట్టు మీద నేర్పరి

కొల్లేటి పక్క కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో వెదురు గెడలు పాతి, వాటికి సంచులు కట్టి ఉంటాయి. సంచి అడుగున చిన్న చిన్న చిల్లులు, లోపల తౌడు, వేరుశనగ చెక్క. బొచ్చె, శీలావతి చేపలు చుట్టూ చేరి చిల్లుల్లోంచి మేత లాక్కుంటాయి. తౌడు నీళ్లపాలు కాదు. సంచి ఎంతసేపటికి ఖాళీ అయిందో చూసి రైతు మర్నాటి మేత తేల్చుకుంటాడు.

రేపెవరైనా ఇంకో రకం మేత సంచికి పేటెంటు అడిగారనుకుందాం. ఆ పని తెలిసిన నేర్పరికి అది సులువుగా తట్టేదేనా అని 1970 నాటి పేటెంట్ల చట్టం అడుగుతుంది. ఈ నేర్పరి చట్టం ఊహించుకున్న మనిషి. చెరువుల్లో తలపండిన మొనగాడూ కాడు, నిన్న చేరిన కుర్రాడూ కాడు. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు అతని కళ్లతోనే చూసింది. లేతు మీద పాత్రలు బిగించే పద్ధతి అక్కడి వివాదం; అది పనివాడు చేసుకునే సర్దుబాటేనని పేటెంటు చెల్లదంది.

నా బెంగంతా అతనికి ఏం తెలుసో ఎవరు తేలుస్తారన్నదే. అర్జీలోని బొమ్మ చూశాక ఎవరికైనా "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. కానీ అర్జీ తేదీకి ముందు నేర్పరికి తట్టేదా అన్నది చూడాలి. పాత విజ్ఞానం ఏమిటి, అర్జీలో ఉన్నదేమిటి, మొదటిదాన్నుంచి రెండోదానికి నేర్పరి ఎలా వస్తాడు, ఈ మూడూ చర్చించకుండా అర్జీ కొట్టేయకూడదని 2022లో అగ్రిబోర్డ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మూడోది రాయడమే కష్టం. అది లేని ఉత్తర్వు అప్పీలులో నిలవకూడదు.

మన ఏలూరు, తాడేపల్లిగూడెం అర్జీలు చూసేది చెన్నై పేటెంటు ఆఫీసు. మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు 2021లో రద్దయ్యాక ఆపై మెట్టు హైకోర్టే. జడ్జి ముందు కాగితం ఉండాలి, కొల్లేటి విద్యేమో చాలావరకు నోటిమాట. అయినా పేటెంట్ల చట్టం 25వ సెక్షన్ దానికి చోటిచ్చింది. స్థానికుల నోట ఉన్న జ్ఞానాన్నీ అభ్యంతరంగా చూపొచ్చు, పేటెంటు ఇవ్వకముందైతే ఎవరైనా చూపొచ్చు. వేప మీద ఐరోపా ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. ఆ కేసులో, వేప సారాన్ని అంతకుముందే వాడిన ఒక భారతీయుడు వెళ్లి సాక్ష్యం చెప్పాడు.

అందుకే రైతులతో అంటుంటాను: చిల్లులు ఎన్ని వరసలు, గెడల మధ్య ఎడం ఎంత, ఏ ఏడు మొదలెట్టారు, తేదీ వేసి రాసిపెట్టండి. సంచులు కొన్న బిల్లులు పారేయకండి. తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే పిల్లలకూ ఒక మాట: అర్జీ రాసేముందు ఆ రైతుల దగ్గర ఒక పూట కూర్చోండి.