నేలచూపులు

ఫాల్గుణంలో అడవికి వెళ్తున్నానంటే ‘మోదుగ పూలకా?’ అంటారు అందరూ. మోదుగను వెతకడమెందుకు, మంథని బస్సు కిటికీలోంచే కనిపిస్తుంది. ఆకులన్నీ రాల్చేసి పచ్చగా పూసే కొండగోగూ అంతే. అవి పిలిచి మరీ కనబడే పూలు. నాకు పిలవని పూలు కావాలి.

అందుకే ఏటా ఒక పొద్దున శివారం పోతాను. గోదావరి ఒడ్డున, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లో సుమారు 36 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది. మొసళ్లకు పేరు. కాబట్టి పూల కోసం ఎంత వంగినా నీటి అంచున మాత్రం తల దించను.

నేను వెతికేది ఇసుకకూ గడ్డికీ నడుమ ఉండే ఒండ్రు పట్టీలో. నది వెనక్కి తగ్గుతూ వదిలిన తడి అక్కడ ఇంకొన్నాళ్లుంటుంది. మొదటి పది నిమిషాలూ ఏమీ కనబడదు. కన్ను కుదురుకున్నాక గుంటగలగర తెల్లపువ్వు దొరుకుతుంది, చొక్కా గుండీ అంత కూడా ఉండదు. తర్వాత గోళీకాయంత ఊదా బంతి, బోడసరం. గోటితో విప్పితే అది ఒక పువ్వు కాదు, సన్నని పువ్వుల గుంపు.

కాస్త పైన, ఎండిన గట్టు మీద వాకుడు. నేలకు అంటుకుని పాకే మొక్క. కాండానికి ముళ్లు, ఆకు ఈనెల మీదా ముళ్లే. ఇంత కాపలా మధ్య లేత ఊదా పువ్వు, నడిమిన పసుప్పచ్చ కేసరాలు. పక్కనే తెల్లచారల పచ్చి కాయలు. ఫొటో తీద్దామని మోకాలు ఆనించి, ఎగిరి లేచాను.

మేకలు కాసే పెద్దమ్మ అప్పటికే చాలాసేపటి నుంచి చూస్తోందట.

‘ఏం పోయింది సారూ, గట్ల దేవులాడుతున్నవ్?’

వాకుడు పూలు చూస్తున్నానన్నాను.

‘గది ములక గదా. దాని గింజల పొగ పడితే పంటినొప్పి పోతదంటరు. పూలు జూసెటోళ్లను ఇప్పుడే జూస్తున్న.’

గోదావరి మీద బ్యారేజీలు లేచాక ఏ నెలలో ఎంత ఒడ్డు తేలుతుందో పంచాంగం చెప్పలేదు, గేట్లే చెప్పాలి. చూడాలనుకునేవారు ఎండ ముదరకముందే వెళ్లండి. మోకాళ్లు జాగ్రత్త.